ప్రోటీన్‌కు సన్మానం

ఎముక క్యాన్సర్‌లో 'పెరుగు, ఇంకా పెరుగు' అని కణాలకు కబురు మోసే ఒక ప్రోటీన్‌ను పట్టుకున్న శుభసందర్భంలో, పరిశోధన సంస్థవారు తమ డైరెక్టర్‌గారిని ఘనంగా సన్మానించారు. పట్టుకున్నది మూడో అంతస్తులో అందరూ ఎముకలమ్మ అని పిలిచే పరిశోధకురాలు. అయితే సన్మానాలు చేయించుకోవడంలో ఆమెకు బొత్తిగా అనుభవం లేదు కనుక ఆ శ్రమ కూడా డైరెక్టర్‌గారే పడ్డారు.

ఎముకలమ్మ ధ్యాసంతా ఒక బస్సు కండక్టర్ మీద ఉంది. ఆయన తొడ ఎముకలోంచి తీసిన కణితి ముక్కను ఆమె ప్రయోగశాలలోని పాత ఫ్రీజర్‌లో గడ్డకట్టించి దాచింది. ఆ ప్రోటీన్ నోరు మూయించే మందు ఈ ముక్క మీద పనిచేస్తుందో లేదో సోమవారం తేలాలి. పనిచేస్తుందని తేలకపోతే గురువారం కాలు తీసేస్తారు. "నిలబడి చేసే ఉద్యోగం తల్లీ, కాస్త చూడు" అన్నాడాయన. అప్పటినుంచి ఆమెకు తిండి సయించడం లేదు.

ఫోటోల్లో యంత్రాలు పడాలని సభను ప్రయోగశాలలోనే పెట్టారు. మైకుకు ప్లగ్గు దొరకలేదు. మూలన ఏ పనీ లేకుండా నిలబడినట్టున్న ఫ్రీజర్ ప్లగ్గు పీకి మైకుది పెట్టారు. 'పీకరాదు' అని దానిమీద కాగితం ఉన్న మాట నిజమే. సంస్థలో అలాంటి కాగితాలు గోడ గోడకీ ఉంటాయి. ఎముకలమ్మ చూసి ఉంటే ఊరుకునేది కాదు, కానీ ఆమెను ఉదయం తొమ్మిదికే అతిథులకు ఎదురెళ్ళమని గేటు దగ్గర నిలబెట్టారు. ఆఖరి అతిథి నాలుగున్నరకు వచ్చాడు.

మధ్యాహ్నం డైరెక్టర్‌గారు గొంతు సవరించుకున్నారు. "కణాలను చూసి మనం బుద్ధి తెచ్చుకోవాలి! ఒక కణం కబురంపితే పక్క కణం తక్షణం వింటుంది. క్యాన్సర్ కణం దొంగ కబురంపినా సరే, ఎముక నమ్మేసి, తనను తాను కరిగించుకుని దాన్నే మేపుతుంది. వినడమే జీవం!"

అప్పుడే ఫ్రీజర్, కరెంటు పోతే హెచ్చరించే లోపలి బ్యాటరీతో, కుయ్యిమని మోగడం మొదలుపెట్టింది. మెడలో 'లబ్ధిదారు' అన్న అట్ట వేసి ముందు వరుసలో కూర్చోబెట్టిన కండక్టర్ చెయ్యెత్తాడు.

"సార్, ఆ పెట్టె ఏదో మోగుతోంది."

"ప్రశ్నలు చివర్లో" అన్నాడు కార్యదర్శి. లేచి వెళ్ళి మోత ఆపేశాడు. సభ చప్పట్లతో దద్దరిల్లింది. ఆ ఫోటో పేపర్లో మనమందరం చూశాం, చాలా బాగా వచ్చింది.

సాయంత్రం ఎముకలమ్మ ఫ్రీజర్ తలుపు తీస్తే నీళ్ళు కారాయి. నేలమీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. డైరెక్టర్‌గారు పెద్దమనసుతో ఓదార్చారు. "దానికేముందమ్మా, ఇంకో ముక్క తీయించు." ఇంకో ముక్కకు అనుమతి రావాలంటే మూడు నెలలు పడుతుంది. కాలికి అంత తీరిక లేదు.

విచారణ సంఘం వారంలోపే నివేదిక ఇచ్చింది. ఫ్రీజర్ సకాలంలో మోగిందనీ, దాని పనితీరు ప్రశంసనీయమనీ తేల్చింది.

గురువారం ఆపరేషన్‌కు ముందు ఎముకలమ్మ కండక్టర్ మంచం పక్కన తలవంచుకుని జరిగిందంతా చెప్పింది.

"ఏడవకు తల్లీ" అన్నాడాయన. "మోత ఆగాక నేను కూడా చప్పట్లు కొట్టాను. అంత పెద్దవాళ్ళు, చూసుకునే ఆపి ఉంటారనుకున్నాను."