మార్టినీ రైఫిలూ, బీరువా తాళంచెవీ

ఆ మంగళవారం ఉదయానికి హెడ్లీ క్రాబ్‌ట్రీ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి టీ, మార్మలేడ్ రాసిన రొట్టె. పదింటికి పోలీసుల తుపాకీ లైసెన్సుల విభాగం నుంచి ట్రాంటర్ అనే ఆయన వస్తాడు. మెట్ల కింద గోడకు బిగించిన ఇనప బీరువా చూస్తాడు, తల ఊపుతాడు, వెళ్ళిపోతాడు. వారంలో కాగితం వస్తుంది. ఆ కాగితం పట్టుకుని రైఫిల్ క్లబ్బుకు వెళ్ళి తన పాత మార్టినీ రైఫిల్‌ను ఇంటికి తెచ్చుకోవడం, నెలాఖరు ఆదివారం జరిగే పాత రైఫిళ్ళ పోటీలో ఆ పళ్ళ డాక్టరమ్మకు గురంటే ఏమిటో చూపించడం. అంతే.

ఆ మార్టినీ ఒకప్పుడు అతనిదే. ముప్ఫయ్యొక్క ఏళ్ళు అతని దవడ ఆనిన చోట వాల్‌నట్ చెక్క నల్లబడి నున్నగా అరిగిపోయింది. లీవరు కిందికి లాగి ఒక్క తూటా పెట్టాలి, పైకి లాగి మూయాలి, కాల్చాలి. దానితోనే అతను యార్క్‌షైర్ జట్టులో ఆడాడు. అరవై ఎనిమిదో ఏట గురి చెదరడం మొదలైంది. తను ముసలివాడయ్యానని ఒప్పుకోవడం కన్నా రైఫిల్ ముసలిదైందని అనడం హెడ్లీకి తేలిగ్గా తోచింది. ఒళ్ళంతా మరలున్న అల్యూమినియం రైఫిల్ ఒకటి తెప్పించాడు. లైసెన్సులో ఒక్కదానికే చోటుంది కాబట్టి పాతదాన్ని క్లబ్బుకు ఇచ్చేస్తూ, "పొయ్యిలోకి పనికొస్తుంది, ఉంచుకోండి" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. మా క్రాగ్‌డేల్ క్లబ్బులో ఒకసారి అన్న మాటను ఎవరూ మర్చిపోరు, మర్చిపోనివ్వరు.

కొత్త రైఫిల్ వల్ల స్కోరు పెరగలేదు. వారానికో మర తిప్పేవాడు, వారానికో పాయింటు పోయేది. ఇంతలో ఇమోజెన్ అనే పళ్ళ డాక్టరు క్లబ్బులో చేరింది. అలమరలో దుమ్ము కొట్టుకుపోతున్న మార్టినీని తీసి తుడిచి, చాప మీద బోర్లా పడుకుని, నూటికి తొంభై ఎనిమిది కొట్టింది. అంత పాత కట్టె నీకెందుకమ్మా అని హెడ్లీ అడిగితే నవ్వింది.

"మీ కొత్తదానికి ముప్ఫై మరలున్నాయి. గురి తప్పితే ముప్ఫైమంది మీద నెట్టొచ్చు. దీనికి సాకులుండవండీ. తప్పితే నేనే తప్పినట్టు. పైగా లీవరు మూసినప్పుడు ఆ చప్పుడు వినండి, ఎంత బావుంటుందో!"

ఆ చప్పుడు ఎలా ఉంటుందో హెడ్లీకి చెబుతోంది! దేశమంతటా కుర్రకారు ఇప్పుడు ఇలాంటి పాత రైఫిళ్ళ కోసం ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నారనీ, వాటికి వేరే పోటీలు పెడుతున్నారనీ కూడా ఆమే చెప్పింది. అతనికి ఒళ్ళు మండింది. తన వయసంతా ధారపోసిన వస్తువు తను వదిలేశాకే గొప్పదైనందుకు మండింది. నేరుగా కార్యదర్శి ఎనిడ్ హాల్‌రాయిడ్ దగ్గరికి వెళ్ళాడు.

"నా రైఫిల్ నాకిచ్చెయ్ ఎనిడ్."

"పొయ్యిలోకన్నావుగా?"

"అన్నాన్లే. ఇప్పుడు కావాలి."

"అదిప్పుడు క్లబ్బు పేరు మీదుంది. నీ పేరు మీదికి రావాలంటే నీ లైసెన్సులో ఇంకో రైఫిల్‌కి చోటు అడగాలి. పోలీసులొచ్చి బీరువా చూస్తారు. అసలు నువ్వు ఆదివారం పోటీకోసమే అయితే..."

ఆమె మాట పూర్తయ్యేలోగా హెడ్లీ తలుపు దడాలున వేసుకుని బయటపడ్డాడు. అర్జీ అదే రోజు పెట్టాడు.

మా దేశంలో తుపాకీ ఉన్నవాడికి గురి తప్పినా ఫరవాలేదు గాని, ఒక్క నియమం తప్పకూడదు. బీరువా తాళంచెవి ఎక్కడుందో లైసెన్సున్న మనిషికి తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియకూడదు. కట్టుకున్న భార్యకైనా సరే. ఈ విషయంలో హెడ్లీకి తన మీద తనకు గర్వం. ట్రాంటర్ వస్తున్నాడని ముందు రోజే తాళంచెవిని మరింత భద్రమైన చోటికి మార్చాడు. భార్య వినిఫ్రెడ్‌ను కూర్చోబెట్టి పాఠం చెప్పాడు.

"ఆయనొచ్చినప్పుడు నువ్వు టీ సంగతి తప్ప ఇంకేం మాట్లాడకు విన్నీ."

"ఎందుకు మాట్లాడకూడదు?"

"నువ్వు మాట్లాడితే ఆగవు కాబట్టి."

వినిఫ్రెడ్ మూతి బిగించుకుంది. నలభై ఏళ్ళుగా మంగళవారాలూ గురువారాలూ మొగుడు క్లబ్బులో ఉంటే ఒంటరిగా సూప్ తాగిన మనిషి ఆమె. మాట్లాడకుండా ఉండడం ఆమెకు కొత్తేమీ కాదు.

ట్రాంటర్ సరిగ్గా పదింటికి వచ్చాడు. మెత్తని మనిషి. బీరువాను తట్టాడు, గోడకున్న బోల్టులు చూశాడు, తృప్తిగా కాగితంలో టిక్కులు పెట్టాడు. "ఒకసారి తెరిస్తే లోపల చోటు కూడా చూసి వెళ్ళిపోతాను" అన్నాడు.

"మీరు కాస్త అటు తిరగండి" అన్నాడు హెడ్లీ దర్జాగా. ట్రాంటర్ మెచ్చుకోలుగా కిటికీ వైపు తిరిగాడు. హెడ్లీ వంటింట్లోకి వెళ్ళి, పై అరలో ఎవరూ వాడని పింగాణీ టీ కూజా మూత తీసి చెయ్యి పెట్టాడు. లోపల తడి తప్ప ఏమీ లేదు.

 కూజాలో కాదు, పక్క గిన్నెలో పెట్టానేమో అనుకున్నాడు. గిన్నెలో లేదు. ఊరగాయ సీసాల వెనక లేదు. గడియారంలో లేదు. వర్షం బూట్లలో లేదు. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. కిటికీ వైపు తిరిగిన ట్రాంటర్ అప్పటికి పక్కింటి తోటలో ఉన్న గులాబీలన్నీ లెక్కపెట్టేశాడు.

"టీ తీసుకో హెడ్లీ" అంది వినిఫ్రెడ్, కళ్ళతో ఏదో చెప్పబోతూ.

"టీ వద్దు!"

"రొట్టె చేద్దామనుకుంటున్నా, పిండి డబ్బా ఒకసారి..."

"విన్నీ! నోరు మూసుకుంటావా?"

సోఫా దిండ్లు నేల మీద పడ్డాయి. డెబ్బై ఏళ్ళ మనిషి మోకాళ్ళ మీద పాకుతూ తివాచీ అంచులు ఎత్తి చూస్తున్నాడు, చెమటలు కారుతున్నాయి. ఎంత కోపమున్నా కట్టుకున్నవాడు. వినిఫ్రెడ్ ఇక చూడలేకపోయింది.

"అక్కడెందుకుంటుంది హెడ్లీ? పిండి డబ్బాలో ఉంది. పాపం పెద్దమనిషి వస్తున్నాడు, మంచి కూజాలో టీ పెడదామని అది కడిగాను. తుప్పు పడుతుందని తాళంచెవి తీసి ఎప్పుడూ ఉండే చోటే పెట్టాను."

ట్రాంటర్ కిటికీ వైపు నుంచి ఇటు తిరిగాడు. "అమ్మా, తాళంచెవి ఎక్కడుంటుందో మీకు తెలుసా?"

"తెలియదండీ, ఊరికే ఊహించింది!" అన్నాడు హెడ్లీ నేల మీది నుంచి.

అదే పొరపాటు. వినిఫ్రెడ్‌ను ఏమన్నా పడుతుంది గాని, ఇంటి సంగతులు తెలియని మనిషి అంటే పడదు.

"ఊహించడమా? ఈ ఇల్లు తుడిచేదెవరు, నువ్వా? మొదట గడియారంలో దాచేవాడండీ, గంటలు ఆగిపోయేవి. తర్వాత చర్చికి వేసుకెళ్ళే బూట్లలో. అక్కడ సాక్సు తీస్తుంటే రోజూ కింద పడేది. చివరికి నేనే పిండి డబ్బాలో పెట్టాను. తనే పెట్టుకున్నానని ఇన్నేళ్ళూ అనుకుంటున్నాడు, అనుకోనీ అని ఊరుకున్నాను. మేం స్పెయిన్ వెళ్ళినప్పుడు కూడా భద్రంగానే ఉంది. పక్కింటి బెరిల్‌కి చెప్పి వెళ్ళాను, ఒక కన్నేసి ఉంచమని."

హెడ్లీ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి వాకిట్లో పోలీసుల కారు చూసి పరిగెత్తుకొచ్చిన బెరిల్ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమైంది విన్నీ? దొంగలు గాని పడ్డారా? తాళంచెవి పిండి డబ్బాలోనే ఉందిగా?"

"మీకు కూడా తెలుసన్నమాట" అన్నాడు ట్రాంటర్.

"మా ఆయనకి కూడా చెప్పానండీ. నేను మతిమరుపు మనిషిని, ఒక్కదాన్నే గుర్తుపెట్టుకోవడం మంచిది కాదని."

ట్రాంటర్ టిక్కులు పెట్టిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు. గొంతు మరింత మెత్తబడింది. "ఈ మధ్య మీ ఆయన మనసుకు కష్టం కలిగించే విషయం ఏదైనా జరిగిందామ్మా?"

"జరిగిందండీ. ఆ పళ్ళ డాక్టరు పిల్ల వచ్చినప్పటి నుంచీ ఈయనకు తిండి సయించడం లేదు. 'ఆదివారం రానీ, దాని సంగతి చూస్తా' అంటూ ఇల్లంతా తిరుగుతున్నాడు."

"అది పోటీలో! పోటీలో చూస్తానన్నాను!" అని అరిచాడు హెడ్లీ. అరిచినట్టు కూడా ట్రాంటర్ రాసుకున్నాడు.

పదకొండున్నరకు అల్యూమినియం రైఫిల్ సంచిలోనూ, లైసెన్సు కవరులోనూ, రెండూ ట్రాంటర్ కారులోనూ ఉన్నాయి. విచారణ తేలేవరకు అంతేనన్నాడు. వినిఫ్రెడ్ చేతి టీ చాలా బాగుందని కూడా అన్నాడు, అది నిజమే.

సాయంత్రం హెడ్లీ క్లబ్బుకు వచ్చి జరిగింది చెప్పాడు. ఎవరూ నవ్వలేదు, నవ్వినా బాగుండేది. ఇమోజెన్ చేతిలో మార్టినీతో లేచి నిలబడింది.

"ఆదివారం దీనితో మీరే కాల్చండి హెడ్లీ గారూ. ఇది మీ చేతుల్లో ఎలా ఉంటుందో చూడాలని నాకు ఎప్పటి నుంచో ఉంది."

ఇవ్వాలని మనస్ఫూర్తిగా అనుకుని అన్న మాట అది. హెడ్లీ చెయ్యి చాపాడు. ఎనిడ్ మధ్యలోకి వచ్చింది.

"కుదరదు. పోలీసులు లైసెన్సు పట్టుకెళ్ళిన మనిషి చేతికి రైఫిల్ ఇస్తే క్లబ్బు మూయిస్తారు. నిన్నటిదాకా అయితే పుస్తకంలో సంతకం పెట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకుని కాల్చేవాడివి. క్లబ్బు రైఫిల్‌కి సభ్యుడికి లైసెన్సే అక్కర్లేదుగా! పోటీకి కూడా అంతే."

"ఆ ముక్క ఆరోజే చెప్పొచ్చుగా!"

"చెబుతుంటేనే తలుపేసుకుని పోయావు."

ఆదివారం హెడ్లీ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. వద్దన్నా వచ్చాడు. ఇమోజెన్ పడుకుని, అతని దవడ అరగదీసిన చోట తన దవడ ఆనించింది. లీవరు మూసుకున్న చప్పుడు వినబడింది. నిజంగానే బాగుంటుంది ఆ చప్పుడు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా తను దాన్ని వినలేదని, విన్నది స్కోరు మాత్రమేనని హెడ్లీకి అప్పుడు తెలిసింది. అతనికి ఏడుపొచ్చింది. జలుబు చేసిందని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

అక్కడితో అతను క్లబ్బుకు రావడం మానేశాడు. మంగళవారాలు ఇంట్లోనే, గురువారాలు ఇంట్లోనే. సోఫాలో కూర్చుని నిట్టూర్చేవాడు. సూప్‌లో ఉప్పు ఎక్కువైందనేవాడు, ఆ కుర్చీ ఇక్కడెందుకుందని అడిగేవాడు. మూడు వారాలకు వినిఫ్రెడ్‌కు ఒక సంగతి స్పష్టమైంది. మొగుడు లేని ఆ రెండు సాయంత్రాల గురించి నలభై ఏళ్ళు దెప్పిందే గాని, ఆమె బతుకులో ఆమెకంటూ ఉన్నవి ఆ రెండు సాయంత్రాలే. నాలుగో మంగళవారం కోటు తొడుక్కుంది.

"ఎక్కడికి?" అన్నాడు హెడ్లీ.

"క్లబ్బులో టీ కాచే మనిషి కావాలట."

టీ రెండు వారాలే కాచింది. మూడో వారం సభ్యత్వ కాగితం మీద సంతకం పెట్టించి, ఎనిడ్ ఆమెను చాప మీద పడుకోబెట్టింది. ఇమోజెన్ పక్కన కూర్చుని మార్టినీ పట్టుకోవడం నేర్పింది. ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండమంటే అందరూ నానా తంటాలు పడతారు. నలభై ఏళ్ళు హెడ్లీతో కాపురం చేసిన మనిషికి ఆ పాఠం అక్కర్లేకపోయింది. చలికాలం దాటేసరికి తొంభై ఆరు కొడుతోంది. ఇమోజెన్ తనకోసం ఇంకా పాతదొకటి వెతికి తెచ్చుకుంది కాబట్టి, మార్టినీని వినిఫ్రెడ్ పేరు మీదికి మార్చడానికి క్లబ్బులో అందరూ చేతులెత్తారు. ఆమె లైసెన్సుకు అర్జీ పెట్టింది.

బీరువా చూడడానికి ట్రాంటరే వచ్చాడు. "ఇన్నేళ్ళ ఉద్యోగంలో అడిగిన ప్రతిదానికీ నిజం చెప్పిన మనిషిని మిమ్మల్నే చూశానమ్మా" అంటూ టిక్కులన్నీ పెట్టేశాడు. హెడ్లీ లైసెన్సు రద్దయినట్టు తెలిపే కాగితం కూడా అదే సంచిలో తెచ్చాడు. తలుపు దగ్గర ఆగి ఆమెకు ఒక్క మాట చెప్పాడు. "బీరువాకు కొత్త తాళం వేయించండి. ఆ తాళంచెవి ఎక్కడుందో ఈ ఇంట్లో మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు. ముఖ్యంగా ఆయనకు."

అలా మార్టినీ ఇంటికి వచ్చింది, అదే బీరువాలోకి. ఇప్పుడు మంగళవారం సాయంత్రం ఆరయ్యేసరికి వినిఫ్రెడ్ కోటు తొడుక్కుని వచ్చి, "తోటలోకి వెళ్ళి నిలబడు హెడ్లీ. కారు వెళ్ళేదాకా రాకు" అంటుంది.

"వాన పడుతోంది విన్నీ."

"గొడుగు తీసుకో."

అతను గొడుగు కింద నిలబడతాడు. గోడ అవతల నుంచి బెరిల్ చెయ్యి ఊపుతుంది. కారు కదిలిన చప్పుడయ్యాక లోపలికి వస్తాడు, పొయ్యి మీది సూప్ వేడి చేసుకుంటాడు, తర్వాత తాళంచెవి కోసం వెతకడం మొదలుపెడతాడు. దొరికినా ఆ తాళం తీయకూడదని అతనికి తెలుసు. రైఫిల్ బీరువాలో ఉన్న ఏదో ఒక రోజు లీవరు చప్పుడు ఒక్కసారి వినాలని మాత్రం ఉంది.

నలభై ఏళ్ళ కాపురంలో మొదటిసారిగా హెడ్లీకి ఇంట్లో చక్కెర ఎక్కడుందో, సూదీదారం ఎక్కడున్నాయో, దుప్పట్లు ఏ అరలో ఉన్నాయో అన్నీ తెలుసు. తాళంచెవి ఎక్కడుందో తెలియదు. చట్టం కోరేది కూడా అదే.