క్యాపుకీ పంటికీ మధ్య జాగా

ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. తండ్రీ కూతురూ మేడమీది క్లినిక్‌కి వెళ్ళాలి. తండ్రి అక్కగారి ముందు పంటికి లోహపు తొడుగు పెట్టి చూడాలి. సరిపోతే కిందికి తెచ్చి, దానిమీద పింగాణీ పరిచి కాల్చి, తెల్లటి క్యాపు చేసివ్వాలి. ఎల్లుండి పదకొండింటికి బడిలో ఆవిడ పదవీ విరమణ సభ.

తొడుగు సరిపోతే ఇంకో సంగతి కూడా తేలిపోతుంది. వెనక గదిలోని కొలిమిని ఎత్తేస్తారు. అదీ ఒప్పందం.

వాళ్ళది పళ్ళ క్యాపులు తయారుచేసే ల్యాబు. రెండే గదులు. ఇన్నాళ్ళూ భార్య ప్లాస్టరు అచ్చు మీద మైనంతో పన్ను మలిచేది. ఆయన ఆ మైనాన్ని మట్టిలో పాతి, కరిగించి, మిగిలిన ఖాళీలో కాగిన లోహం పోసేవాడు. మైనం ఆవిడది, మంట ఆయనది. పోయిన వానాకాలంలో ఆవిడ కన్నుమూసింది. కూతురు కొత్త యంత్రం కొంది. లోహపు పొడిని లేజరు వెలుతురుతో కరిగించి పొర మీద పొర పేర్చడం దాని పని.

"నాన్నా, రెండూ పెట్టుకోడానికి మనదేమైనా ఆటస్థలమా?"

"ముందు మీ అత్త పంటి మీద కూర్చోనీవే."

కూర్చోలేదు. డాక్టరు వేలితో తాకగానే తొడుగు గుడిగంటలో నాలుకలా ఊగింది.

"ఏదైనా మాట్లాడండి టీచరుగారూ, నిలుస్తుందేమో చూద్దాం."

జీవితమంతా పాఠాలు చెప్పిన మనిషికి ఆ క్షణాన నోట్లోకి వచ్చింది ఒక్కటే. "వెనక బెంచీ! నోళ్ళు ముయ్యండి!"

తొడుగు ఎగిరి డాక్టరు కళ్ళజోడుకి తగిలి, ఉమ్మే తొట్టిలో పడి, గొట్టంలోకి జారుకుంది. డాక్టరు మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం విప్పాడు. తొడుగు రాలేదు గానీ నీళ్ళు వచ్చాయి. అవి మెట్లమీదుగా దిగి, కింద ల్యాబు గుమ్మం దాకా వెళ్ళాయి.

"ఒరేయ్ తమ్ముడూ, నా మేనకోడలు పన్ను చేసిందా, తుపాకీ గుండు చేసిందా?"

ఆయన సంతోషించాల్సిన మాట. కానీ కూతురు కింది పెదవి కొరుక్కుంటూ నిలబడి ఉంది. పోత చెడిపోయినప్పుడు వాళ్ళమ్మ సరిగ్గా అలాగే నిలబడేది.

కిందికి వచ్చి ప్లాస్టరు పన్ను చేతిలోకి తీసుకున్నాడు. పన్ను ఎర్రగా ఉంది.

క్యాపుకీ పంటికీ మధ్య అతికించే సిమెంటు పట్టేంత జాగా ఉండాలి. ఆ జాగా కోసం అచ్చు పంటి మీద ముందే గోళ్ళ రంగు రెండు పూతలు వేయడం భార్యకు అలవాటు. ఆవిడ తన గోళ్ళకు ఎన్నడూ వేసుకోలేదు, సీసాలు మాత్రం చకచకా ఖాళీ అయ్యేవి. కొట్టువాడు ఆవిడ మహా షోకుల మనిషి అనుకునేవాడు. ఆవిడ పోయాక ఆ పూతలు ఆయన వేస్తున్నాడు. ఈ అచ్చుకీ వేసి, ఏమీ ఆలోచించకుండా కూతురికి ఇచ్చాడు. యంత్రమేమో అచ్చు కొలత తీసుకుని, సిమెంటు జాగా తన లెక్క ప్రకారం తాను వదులుతుంది. జాగా మీద జాగా. తొడుగు ఎగరక ఏం చేస్తుంది?

చెప్పాలనుకున్నాడు. చెబితే, కొలిమి కోసం కావాలనే చేశాడనుకుంటుందేమో. నోరు మూసుకుని రంగు శుభ్రంగా తుడిచి, అచ్చు మళ్ళీ బల్ల మీద పెట్టాడు.

ముందు గదిలో కూతురు కూడా నోరు మూసుకునే ఉంది. వదులైంది కాబట్టి యంత్రంలో జాగా సున్నా చేసింది. చెబితే, నేనప్పుడే అన్నానుగా అంటాడేమో.

మర్నాడు రెండో తొడుగు పంటి మీద సగం దాకా దిగి ఆగింది. డాక్టరు నొక్కాడు. దిగలేదు. లాగాడు. రాలేదు. అక్కగారి నోరు మూతపడటం లేదు. హల్లులన్నీ పోయి అచ్చులే మిగిలాయి.

"ఓ... ఏ... ఆ... ఈ!"

"ఏమంటున్నారు?" అన్నాడు డాక్టరు.

"తిడుతోంది. మీరు కానివ్వండి," అన్నాడు తమ్ముడు.

డాక్టరు చెమటలు కక్కుతూ తొడుగును కోసి తీశాడు. గుమ్మం దగ్గర తండ్రీ కూతురూ గుసగుసలాడుకున్నారు.

"జాగా సున్నా పెట్టాను నాన్నా."

"సున్నానా! ఎందుకమ్మా?"

"నిన్న వదులైంది కదా!"

"అది నావల్లే. రంగు వేశాను."

"ఏం రంగు?"

"అమ్మ గోళ్ళ రంగు."

ఆమె తన గోళ్ళ వైపు చూసుకుంది. "మరి ఇవాళ?"

"తుడిచేశాను. నీకు అడ్డం రాకూడదని."

లోపల కుర్చీలోంచి హల్లులు తిరిగొచ్చాయి. "ఏం మర్యాదలర్రా మీవి! ఒకళ్ళకొకళ్ళు చేసుకోక, నా పంటి మీద చేశారూ?"

ఆయనకు నవ్వొచ్చింది. వానాకాలం తర్వాత అదే మొదలు. నవ్వడం అయ్యాక మొహం ఎలా పెట్టుకోవాలో తెలియక కళ్ళజోడు తుడుచుకున్నాడు.

సభనాటి పొద్దున మూడో తొడుగు వచ్చింది. రంగు లేదు, సున్నా లేదు. మెత్తగా దిగి కూర్చుంది. డాక్టరు చేతిలోంచి సన్నటి కొక్కెం అడిగి తీసుకుని ఆయనే అంచు చుట్టూ తిప్పి చూశాడు. ఎక్కడా సందు తగల్లేదు. తగిలితే బాగుండునని ఇంకోసారి తిప్పాడు.

"సరిపోయింది," అన్నాడు. ఆ మాట అనడానికి కాస్త బలం కావలసి వచ్చింది.

పింగాణీ కాల్చే వ్యవధి లేదు. "మాట్లాడేది నేను, పన్ను కాదు," అని అక్కగారు ఉత్త లోహపు పంటితోనే సభకు బయలుదేరింది.

మధ్యాహ్నం కొలిమి మోసేవాళ్ళు వచ్చారు. ఆయన కొలిమిని పాత చొక్కాతో మసి పోయేదాకా తుడిచాడు. "తీసుకెళ్ళండి నాయనా," అన్నాడు. నలుగురూ ఎత్తి గుమ్మం దాకా తెచ్చి ఆగిపోయారు. నిలువుగా పట్టారు, అడ్డంగా పట్టారు, తిట్టుకున్నారు. గుమ్మానికి సగం అడ్డంగా కొత్త యంత్రం ఉంది.

"అది తీస్తేగానీ ఇది బయటికి రాదమ్మా."

"అయ్యో, అది కదపకూడదే! కదిపితే కొలతలు పోతాయి. కంపెనీ మనిషి వచ్చి సరిచెయ్యాలి," అంది కూతురు, గోడ వైపు చూస్తూ. "కొలిమి ఎక్కడిదక్కడ పెట్టెయ్యండి."

ఆయన తల వంచి నేల చూశాడు. యంత్రం కాళ్ళ దగ్గర గచ్చు మీద జానెడు పొడవున గీతలున్నాయి. తెల్లగా, అప్పుడే పడినట్టున్నాయి. కూతురి అరచేతులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆయన గోనెపట్టా తెచ్చి గీతల మీద పరిచాడు.

కంపెనీ మనిషి వచ్చేదాకా యంత్రం చేసిన క్యాపు ఒక్కటీ ఎవరి పంటికీ సరిపోలేదు. వచ్చిన పనంతా కొలిమి మీదే చేయాల్సి వచ్చింది.