సంతకమున్న తల

కళ్లజోళ్ల దుకాణం యాజమాన్యం దీర్ఘంగా ఆలోచించి ఒక చరిత్రాత్మక నిర్ణయం తీసుకుంది. ముందు గదిలోకి కొత్త కౌంటరు, కొత్త సోఫా, కొత్త దీపాలు వచ్చేశాయి కాబట్టి, కౌంటరు వెనకాల కూర్చునే మొహం కూడా వాటికి తగ్గట్టుగా ఉండాలి. పాత బల్లని వెనక గదిలోకి తోసేసినట్టే, పాతగా కనిపించే మొహాన్ని కూడా ఎలాంటి దురుద్దేశమూ లేకుండా వెనక గదికి తరలించడం జరుగుతుంది. సోమవారం ఉదయం యజమానిగారు స్వయంగా తనిఖీ చేస్తారు. ఎవరినీ నొప్పించడం తమ అభిమతం కాదనీ, అయినా నొచ్చుకోదలచినవారు పని వేళలు ముగిశాక నొచ్చుకోవచ్చుననీ ప్రకటన చివర్లో ఉంది.

ఆ దుకాణంలో కౌంటరు వెనకాల కూర్చునే మొహం ఒక్కటే. కనుక ఈ ప్రకటన ఎవరి గురించో తెలుసుకోవడానికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు.

ఆవిణ్ణి అందరూ కౌంటరమ్మ అంటారు. కొత్త కళ్లజోడు పెట్టుకుని, అద్దంలో చూసుకుని, బిక్కమొహం వేసినవాళ్లకి "మీ మొహం కోసమే చేసినట్టుందండీ!" అని చెప్పి, నవ్వించి ఇంటికి పంపడం ఆవిడ ఉద్యోగం. వెనక గదిలో మనుషులుండరు. అద్దాలు అరగదీసే యంత్రం ఒకటుంటుంది. అది పొద్దస్తమానం కీచుమంటుందే తప్ప మనం చెప్పేది వినదు. ఎదురుగా మనిషి లేకపోతే కౌంటరమ్మకి అన్నం సయించదు. అందుకే ప్రకటన చదవగానే ఆవిడ ఫోను తెరిచి, వయసు తగ్గే మార్గాలు వెతికింది.

నిజానికి తన వయసు బయటపడకుండా ఆవిడ తీసుకోని జాగ్రత్త లేదు. ఏళ్ల తరబడి ఆదివారం ఆదివారం నల్లరంగు పులుముకుంటూనే ఉంది. ఈ రహస్యం ఆవిడకి, ఆవిడ భర్తకి, అత్తగారికి, ఆ వీధి వీధంతటికీ తప్ప మరో ప్రాణికి తెలియదు. కానీ ఇప్పుడు నల్లజుట్టే పాతబడిపోయిందట. ఫోనులో ఒక అమ్మాయి బ్రష్షు పుచ్చుకుని, తన జుట్టు మీద అక్కడో గీత ఇక్కడో గీత గీసుకుని, కడిగేసి, తల విదిలించింది. పాయలు పాయలుగా లేతరంగు మెరిసింది. దాన్ని హైలైట్స్ అంటారనీ, చేత్తో వేసుకుంటే వయసు సగానికి సగం తగ్గిపోతుందనీ ఆ అమ్మాయి సెలవిచ్చింది. ఆ అమ్మాయికి సగానికి సగం తగ్గితే బడిలో చేర్పించాలి. కంగారులో కౌంటరమ్మకి ఆ లెక్క తట్టలేదు.

ఆదివారం పొద్దున్నే పొడీ, అందులో కలిపే ద్రవం, చేతి తొడుగులూ బల్ల మీద వెలిశాయి. సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చున్న అత్తగారు అదంతా ఎగాదిగా చూసింది. ఆవిడ తల ముగ్గుబుట్ట. ఏనాడూ దానికి నూనె తప్ప ఇంకోటి తగల్లేదు.

"ఇన్నాళ్లూ నలుపు రావడానికి పూశావు. ఇప్పుడు నలుపు పోవడానికి పూస్తావా?" అంది.

"ఫ్యాషన్ అత్తయ్యా. మీకు తెలీదు."

"మధ్యలో పూయడం మానేసి చూడకపోయావా? రెండు పొట్లాలూ కలిసొచ్చేవి."

కౌంటరమ్మ ఈ సలహాని వినిపించుకోలేదు. గొప్ప సలహాలకి పట్టే గతి సాధారణంగా ఇదే.

ఇంతలో పక్కగదిలోంచి ఆవిడ భర్త వచ్చాడు. ఆయన బోర్డుల పెయింటరు. వీధిలో అందరూ ఆర్టిస్టుగారనే అంటారు. ఒకప్పుడు ఊళ్లో దుకాణం తెరవాలంటే ముందు ఆయన అక్షరాలు రాయాలి, తర్వాతే తాళం తియ్యాలి. యంత్రాలు బోర్డుల్ని అచ్చువేయడం మొదలెట్టాక ఆయన కుంచెలన్నీ సీసాలో నిలబడి గోళ్లు గిల్లుకుంటున్నాయి. అలాంటి మనిషికి "చేత్తో వేయాలి" అన్న ముక్క చెవిన పడింది. ఇంక ఆగుతాడా?

"బ్రష్షు ఇలా తే," అన్నాడు.

"వద్దండీ, నేనే వేసుకుంటా."

"వెనకాల నీకు కళ్లున్నాయా? కూర్చో. కదిలావంటే గీత వంకరపోతుంది, తర్వాత నన్ననకు."

ఆయన ఒక కన్ను మూసి, బొటనవేలు చాచి, భార్య తలని కొలిచాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూశాడు. తలుపు దాటి వీధిలోకి వెళ్లి, దూరం నుంచి ఎలా కనిపిస్తుందో అక్కణ్ణుంచి కూడా చూశాడు. సుద్దముక్కతో గీతలు కొట్టబోతే కౌంటరమ్మ అరిచింది కాబట్టి అది మాత్రం మానుకున్నాడు. తర్వాత పాపిట పక్కనుంచి కిందికి, కణతల మీంచి వెనక్కి, చెయ్యి వణక్కుండా, ఊపిరి బిగబట్టి వేశాడు. చాలా కాలానికి ఆయన మొహం వెలిగిపోతోంది. అది చూసి కౌంటరమ్మ మనసు కరిగి, మంట పుడుతున్నా గీత వంకరపోకుండా కూర్చుంది.

పొడి పొట్లం మీద ఒక్కసారే పూయాలని స్పష్టంగా రాసి ఉంది. ఆర్టిస్టుగారు దాన్ని చదివి, నవ్వి, పక్కన పెట్టారు. ఒక్క కోటింగుతో వదిలేసిన బోర్డు ఆయన చరిత్రలో లేదు. మొదటిది కాస్త ఆరగానే రెండోది లాగించారు. అంతా అయ్యాక, చేతికి అలవాటైపోయి, కింద కుడిమూల, అంటే మెడ వెనకాల పొట్టి వెంట్రుకల మీద, మెలికలు తిరిగిన తన సంతకం కూడా పెట్టేశారు. భార్యని కిటికీ పక్కన ఎండలో నిలబెట్టి, "తడిగా ఉంది, ఎవరూ ముట్టుకోకండి," అని తల్లికి చెప్పి టీ తాగడానికి వెళ్లారు.

తల కడిగి కౌంటరమ్మ అద్దంలో చూసుకుంది. మొదటి కోటింగు నల్లరంగుని తినేసింది. రెండోది, మిగిలిన దాన్ని నాకేసింది. ఇన్నేళ్లూ ఆవిడ ఆదివారం ఆదివారం పూడ్చిపెట్టిన తెల్లవెంట్రుకలన్నీ ఒక్కటి కూడా తక్కువ కాకుండా లేచి కూర్చున్నాయి. పాపిటకి అటూ ఇటూ వెండిపాయలు, కణతల మీద వెండిపాయలు. వెనకాల ఇంకా నెరవకుండా మిగిలిన జుట్టు మాత్రం రాగి చెంబు రంగుకి తిరిగింది.

అత్తగారు కళ్లు చికిలించి చూసి, "అరె, నా తలేనే ఇది!" అంది సంతోషంగా.

కౌంటరమ్మ భోరుమంది. "ఏమండీ, నా కొంప ముంచారు! రేపు నన్ను వెనక గదిలోకి తోసేస్తారు. ఆ యంత్రంతో నేనేం మాట్లాడనూ?" మళ్లీ నల్లరంగు వేసేద్దామంటే, కొన్నాళ్లదాకా మరే రంగూ తగలకూడదని పొట్లం మీద ఎర్రక్షరాలతో ఉంది. ఈసారి మాత్రం అందరూ పొట్లం మాట విన్నారు.

సోమవారం ఆవిడ తలకి చున్నీ చుట్టుకుని వెళ్లింది. యజమానిగారికి మూడు కళ్లజోళ్లున్నాయి. దగ్గరకి ఒకటి, దూరానికి ఒకటి, హోదాకి ఒకటి. చున్నీ తీయమన్నారు. ఆవిడ కళ్లు గట్టిగా మూసుకుని తీసింది. ఆయన మొదటి జోడుతో చూశారు, రెండోదానితో చూశారు, మూడోది పెట్టుకుని గొంతు సవరించుకున్నారు.

"సిబ్బందికి నేను చెప్పేది ఒక్కటే! ఇదీ దార్శనికత అంటే! సంస్థ పిలుపునిచ్చింది, ఒక ఉద్యోగిని తల ఇచ్చింది! ఆ వెండి చూడండి, ఆ రాగి చూడండి! యువతరం నాడి పట్టుకున్న తల ఇది! మెడ వెనకాల అదేంటి? సంతకమా? అంటే ఒరిజినలన్నమాట!"

ఆ సాయంత్రానికల్లా వార్త పొక్కింది. చూపు పరీక్షకి వచ్చినవాళ్లు అక్షరాల పటం వదిలేసి కౌంటరమ్మ తలకేసి చూశారు. వారం తిరక్కముందే ఆర్టిస్టుగారి ఇంటి ముందు, సంతకమున్న తల కావాలన్నవాళ్లకి కుర్చీలు వేయాల్సి వచ్చింది. నిజంగా వయసులో ఉన్న అమ్మాయిలకి ఎన్ని కోటింగులు వేసినా ఇటుక రంగే వచ్చింది గానీ వెండి రాలేదు. "నన్నేం చేయమంటారు? గోడ మంచిదై ఉండాలి," అని ఆయన చేతులెత్తేశారు. నడివయసు దాటినవాళ్లకి మాత్రం మొదటిసారికే వెండి తళతళలాడిపోయింది. ఎందుకలా వస్తోందని ఒక్కరూ అడగలేదు. అద్దంలో చూసుకుని, "అబ్బ, అచ్చం నాకోసమే పుట్టిన రంగండీ!" అని మురిసిపోయారు. అందులో అబద్ధం ఏమీ లేదు. చివరికి యజమానిగారు కూడా మిట్టమధ్యాహ్నం పెరటి తలుపులోంచి వచ్చి, కాటుకలాంటి తన మీసాన్ని ఆర్టిస్టుగారి చేతుల్లో పెట్టి, రెండు కోటింగులు వేయించుకుని, చివర సంతకం ఇరుకైనందుకు కొంచెం నొచ్చుకుని వెళ్లారు.

ఇలా ఊరు ఊరంతా వయసులో చిన్నదైపోతున్న రోజుల్లో, అత్తగారు కళ్లజోడు కాడ విరిగిందని దుకాణానికి వచ్చింది. కోడల్ని పలకరించి, కొత్త సోఫాలో హాయిగా కూర్చుంది. వెండి మీసంతో యజమానిగారు బయటికి వచ్చారు.

"పెద్దమ్మగారూ, మీరు వెనక గదిలో కూర్చోండి. ముందర పెద్దవాళ్లు కనిపిస్తే దుకాణం కళ తప్పుతుంది," అన్నారు చాలా మర్యాదగా.

అత్తగారు లేవలేదు. తన జుట్టు పాయ ఒకటి ముందుకు లాగింది. "నా కోడలి తలా ఇదే రంగు. నీ మీసమూ ఇదే రంగు. తేడా ఏంటో చెప్పు నాయనా, లేస్తాను."

యజమానిగారు మూడు జోళ్లూ మార్చి మార్చి చూశారు. చూసి, "వాళ్లది రంగు. మీది వయసు," అని తీర్పు చెప్పారు.

కౌంటరమ్మకి ఒళ్లు మండిపోయింది. కౌంటరు పోతుందని తెలుసు, యంత్రం కీచుమనడం అప్పుడే చెవుల్లో వినిపిస్తోంది. అయినా లేచి నిలబడింది. "నాదీ వయసేనండీ! మా ఆయన రంగు వేయలేదు, ఉన్న రంగు తీసేశాడు. మీకూ అంతే. పంపితే నన్ను కూడా వెనక్కి పంపండి!"

దుకాణంలో సంతకమున్న తలలు చాలానే ఉన్నాయి. అన్నీ ఒకేసారి ఆవిడకేసి తిరిగాయి. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, అందరూ పగలబడి నవ్వారు. "ఏం జోకులేస్తారండీ మీరు!" అన్నారు. యజమానిగారు అందరికంటే గట్టిగా, మీసం మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ మాట నమ్మితే అక్కడున్న వాళ్లందరికీ ఒకేసారి ముసలితనం వచ్చిపడుతుంది. అంత నష్టాన్ని నిజం కోసం ఎవరు భరిస్తారు? కౌంటరమ్మ ఉద్యోగానికి ఢోకా లేకుండా పోయింది. అత్తగారు మాత్రం విరిగిన కాడ పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది.

వెళ్లి కొడుకు ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చుంది. "నాకూ వేయరా."

"ఏం వేయనమ్మా? నీకు పని అంతా అయిపోయే ఉందిగా!"

"వేయకు. సంతకం పెట్టు చాలు."

తెల్లజుట్టు మీద తెల్లసంతకం ఆనదు. కోడలు బీరువా అడుగున దాచిన నల్లరంగు సీసా అలా చివరిసారిగా అక్కరకొచ్చింది.

మర్నాడు అత్తగారు మళ్లీ వచ్చి అదే సోఫాలో కూర్చుని, మెడ కాస్త వంచింది. వెనక గదికి పంపుదామని వచ్చిన యజమానిగారు సంతకం చూసి చేతులు జోడించారు. "ఎంత నిండుగా వేశారండీ! ఎంతసేపు పట్టిందేమిటి?"

"డెబ్బై రెండేళ్లు," అంది అత్తగారు.

"ఆర్టిస్టుగారు నిదానస్థులు," అని యజమానిగారు మెచ్చుకుని, ఆవిడకి కాఫీ తెప్పించారు. ఆ పక్కన కూర్చున్న పాతికేళ్ల అమ్మాయి కూడా సరిగ్గా అదే కావాలని పట్టుబట్టింది. అత్తగారు ఆ పిల్ల తల నిమిరి, తప్పకుండా వస్తుందని మాటిచ్చింది.

ఇది చదువుతూ మీ చెయ్యి కణత మీదికి వెళ్లడం ఇందాకట్నుంచీ గమనిస్తూనే ఉన్నాం. కంగారేం లేదు, ఉండనివ్వండి. కాకపోతే బయటికి వెళ్లే ముందు ఎవరిచేతైనా ఓ సంతకం పెట్టించుకోండి. అది లేకపోతే మిమ్మల్ని వెనక గదిలో కూర్చోబెడతారు.