అధ్యక్షుడి కొమ్ముల మీద కాపురం

ఒక పెద్ద అడవిలో అందరికీ బోలెడంత టైము ఉండేది, ఒక్క గిజిగాడు బుల్లెయ్యకి తప్ప. పొద్దున్నే గూడు అల్లుదామని గడ్డిపోచ ముక్కున పట్టేవాడు. ఇంతలో తూనీగ కనబడేది. తూనీగ వెంట పోతే చుట్టాలు తగిలేవాళ్లు. కబుర్లయ్యేసరికి పొద్దు వాలేది. పోచ ఎక్కడ జారిపోయిందో గుర్తుండేది కాదు.

మరదలు సింగారి ఎన్నాళ్లని ఊరుకుంటుంది?

"బావా, తొలివాన పడేలోపు గూడు చూపించు. లేదంటే వాగవతలి సంబంధం ఖాయం చేసుకుంటా. ఆయన అప్పుడే రెండు గూళ్లు కట్టేసి, ఏది కావాలో ఎంచుకోమంటున్నాడు!"

బుల్లెయ్య ఎగురుకుంటూ కాలపాలన సంఘం దగ్గర వాలాడు. టైము చాలనివాళ్లకి సలహాలివ్వడానికి దుప్పి కొమ్ములరాయుడు తానే అధ్యక్షుడిగా పెట్టిన సంఘం అది. అందులో అందరూ ఏ పనీ లేని పెద్దలే.

"చీకటితోనే లేవాలోయ్," అంది అడవికోడి. "సగం విజయం అక్కడే."

"మిగతా సగం?"

"లేచామని ఊరంతా వినబడేలా చెప్పడం!"

బుల్లెయ్య చీకటితోనే లేచి, కళ్లు మూతలు పడుతున్నా ఆవేశంగా అల్లేశాడు. తెల్లారి చూస్తే పూర్తయింది పక్కింటాయన గూడు. ఆయన పెళ్లాం వచ్చి "చల్లగా ఉండు నాయనా" అని దీవించి పోయింది.

"తొందరెందుకు? ఏ పనైనా ముందు బాగా నెమరెయ్యాలి," అంది అడవిదున్న. బుల్లెయ్య నెమరేశాడు. గుమ్మం కిందికి పెట్టాలా, పక్కకి పెట్టాలా? గది ఒకటా, రెండా? గూడు మనసులో మూడంతస్తులు లేచింది. చెట్టు మీద పోచైనా లేదు.

కోతి పగలబడి నవ్వింది. "ఒరే పిచ్చోడా, అన్నీ ఒకేసారి చెయ్యి! నేను చూడు, తింటూ గోక్కుంటూ తిడుతూ ఊగుతా."

బుల్లెయ్య అల్లుతూ, తింటూ, పాడుతూ, పనిలో పనిగా సింగారికి కన్నుగీటుతూ, తన కాలు కూడా కలిపి అల్లేసుకున్నాడు. తలకిందులుగా వేలాడుతుంటే గబ్బిలాలు వచ్చి, "మీది ఏ గుహ బాబూ? సంబంధాలేమైనా చూస్తున్నారా?" అని ఆరా తీశాయి.

మబ్బులు ముసురుకున్నాయి. బుల్లెయ్యకి ఏడుపొక్కటే తక్కువ. సంఘానికేమో పరువు సమస్య.

"ఇన్ని పద్ధతులు చెప్పినా బాగుపడలేదంటే తప్పు వాడిదే. విచారణ జరగాల్సిందే!" అన్నాడు కొమ్ములరాయుడు.

సభ మొదలైంది. ముందుగా కార్యదర్శి తాబేలు గత సభ విశేషాలు వినిపించింది. ఒక్కో మాటకీ మెడ బయటికి తీసేది, మళ్లీ లోపలికి లాక్కునేది. "గత సభలో... అంతకుముందు సభ గురించి... ఆ ముందు సభలో..."

రెండో మాటకే అధ్యక్షుడు నిలబడ్డచోటే కునుకు తీశాడు. కోడి తూగింది. దున్న కళ్లు మూసుకుని నెమరేసింది.

బుల్లెయ్య ముద్దాయి కాబట్టి సభ దాటి పోకూడదు. అక్కడ తూనీగలు లేవు. చుట్టాలు అటువైపే తొంగిచూడరు. ముక్కు దురద పెట్టింది. కాలికింది పోచ పీకాడు. అల్లడానికి కొమ్మ కోసం చూస్తే కొమ్మ లేదు గానీ అధ్యక్షుడి కొమ్ము ఉంది. దానికి ఒక ముడి వేశాడు. చుట్టూ గడ్డికి కరువా? ఇంకోటి వేశాడు. ఇక ఆగలేదు. పూటలు గడిచినా తాబేలు మెడ తీస్తూనే ఉంది, బుల్లెయ్య అల్లుతూనే ఉన్నాడు. జన్మలో మొదటిసారి వాడికి పనిలో పాట దానంతటదే వచ్చింది!

తొలిచినుకు పడేవేళకి సింగారి "ఇక సెలవు బావా" అని చెప్పిపోవడానికొచ్చి నోరెళ్లబెట్టింది. గూడు పట్టుకుని గుంజి చూసింది. లోపల దూరింది. తల బయటపెట్టి, "బావా, గాలీ వెలుతురూ భేషుగ్గా ఉన్నాయి. నేనిక్కడే ఉంటా!" అంది. బుల్లెయ్య గాల్లో మూడు పల్టీలు కొట్టాడు.

ఆ కేరింతలకి అధ్యక్షుడు ఉలిక్కిపడి లేచాడు. "సభ ఇంతటితో ముగి..."

"ఆగండి!" సింగారి గద్దించింది. "మీరు తల ఆడించారంటే నా సంసారం కూలిపోద్ది. రేపో మాపో గుడ్లు పెడతా."

ఆడకూతురి ఉసురు పోసుకోవడానికి కొమ్ములరాయుడికి ధైర్యం చాల్లేదు. వానలో తడుస్తూనే, "తాబేలుగారూ, మళ్లీ మొదట్నుంచి చదవండి," అన్నాడు.

సభలో కూర్చుంటే సొంత పని సాగుతుందని తెలిసిన అడవి మొత్తం సభ్యత్వం కోసం ఎగబడింది. ఉడత గింజలు ఒలుచుకుంది, సాలీడు వల పూర్తిచేసుకుంది, కోతి ఏనాటివో పేలన్నీ ఏరుకుంది. ఆ ఏడు జరిగినన్ని పనులు ఆ అడవిలో ఎప్పుడూ జరగలేదు. ఘనతంతా తమ పద్ధతులదేనని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది.

నీతి: ఎవరి పని వాళ్లకి పూర్తవ్వాలంటే, ఎవరికీ పనికిరాని సభ ఒకటి సాగుతూ ఉండాలి.