ఎలుగయ్య తేనె, గుంటనక్క దుకాణం

ఒక పెద్ద అడవిలో పులికీ లేడికీ కూడా ఫోన్లు వచ్చేశాయి. కొననివాడు ఒక్కడే, ముసలి ఎలుగుబంటి ఎలుగయ్య. సంతలో తేనె అమ్ముకునేవాడు. ముందు కొనేవాళ్ల అరచేతిలో ఒక బొట్టు వేసి నాకించేవాడు. నచ్చితేనే బేరం. తాతలనాటి పద్ధతి.

ఇలా ఉండగా గుంటనక్క ఫోనులో దుకాణం తెరిచింది. "నడవక్కర్లేదు, గీచి గీచి బేరమాడక్కర్లేదు. ఒక్క నొక్కు నొక్కితే సరుకు మీ గుమ్మంలో ఉంటుంది!" అని చాటింపు వేయించింది. సరుకు మోయడానికి కోతుల్ని పెట్టుకుంది.

గుమ్మం ముందు ఎలుగయ్య కనబడగానే నిండు చూలాలు కుందేలు మురిసిపోయింది. "సంత దాకా నడవలేనిదాన్ని తాతా! నీ తేనె కూడా ఇంటికే వచ్చేసింది."

"నా తేనా? నేను పంపలేదే!"

కుందేలు సీసా చూపించింది. దానిమీద పళ్లికిలించిన ఎలుగయ్య బొమ్మ. మూత తీసి వాసన చూస్తే బెల్లం పాకం. ఎలుగయ్యకు ఒళ్లు మండిపోయింది.

"ఇది పాకమే తల్లీ!"

"అయ్యో, అందరూ అయిదేసి స్టార్లు ఇచ్చారే!"

"రుచి చూసే ఇచ్చారా?"

"లేదు తాతా. స్టార్లు ఇచ్చినవాళ్లకి దువ్వెన ఉచితం."

అలాంటి సీసాయే సింహంగారి గుహకూ చేరింది. దగ్గుతున్న కూన ఆ పాకం తాగి ఇంకా దగ్గింది. సింహానికి సీసామీద కనబడిన మొహం ఎలుగయ్యదే. "వాడి చర్మం ఒలిచెయ్యండి. ఆ సంత కూడా ఎత్తెయ్యండి!" అంది.

సభకు ఈడ్చుకొచ్చారు. తేనె కుండ మాత్రం ఎలుగయ్య వదల్లేదు.

"చర్మం ఎక్కడికీ పోదు ప్రభూ. ముందు చెయ్యి చాపండి."

పంజాలో బొట్టు పడింది. సింహం నాకింది, కళ్లు మూసుకుంది. "ఇంకో బొట్టు వెయ్యి. విచారణ ఇంకా పూర్తి కాలేదు."

నాలుగు బొట్లకు పూర్తయింది. సింహం నక్క వైపు తిరిగింది.

"నేను అమ్మేదాన్నీ కాదు, కొనేదాన్నీ కాదు ప్రభూ. మధ్యలో ఉంటాను, అంతే" అంది నక్క.

"అమ్మకుండా, కొనకుండా ఇంతలా ఎలా బలిశావే?"

తీర్పు వచ్చింది. సంత ఉంటుంది, ఫోను దుకాణమూ ఉంటుంది. కానీ నక్క ఎలుగయ్య దగ్గరే తేనె కొని అమ్మాలి. ప్రతి గుమ్మంలోనూ ముందు బొట్టు నాకించాలి. నచ్చకపోతే పైసా అడగకూడదు.

ఇంతేనా అనుకుని నక్క అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది. రొక్కమిచ్చి ఎలుగయ్య కుండలన్నీ ఎత్తించుకుపోయింది.

మర్నాడు అడవి అడవంతా ఫోను నొక్కింది. ప్రతి గుమ్మంలో అత్తలూ కోడళ్లూ పిల్లలూ అరచేతులు చాపి బారులు తీరారు. నాకారు. "ఏదో తేడాగా ఉందయ్యా, తీసుకుపో" అన్నారు కోతులతో. కుందేలైతే పుట్టబోయే పిల్లల వంతు కూడా నాకేసి, "పుల్లగా ఉంది" అంది.

పొద్దు వాలేసరికి కుండలు ఖాళీ. నక్క చేతికి చిల్లికానీ కూడా రాలేదు.

ఏడుస్తూ సంతకొచ్చి పడింది. "నువ్వూ నాకిస్తావు కదా మామా, నిన్నెవరూ ఇలా ముంచలేదేం?"

"నేను ఎదురుగా కూర్చుంటానే పిచ్చిదానా! నా మొహం చూస్తూ నాకి, వద్దని లేచిపోవాలంటే మొహమాటం. నీ ఫోను ముందు, కూలి కోతి ముందు ఎవరికి సిగ్గు?" అన్నాడు ఎలుగయ్య.

నీతి: ఎదుటివాడి మొహం చూస్తూ మోసం చేయడం మహా కష్టం, అందుకే ఫోను కనిపెట్టారు.