ఆదివారపు నౌకా స్వయంవరం

మధ్యాహ్న మార్తాండుడు కిటికీ ఊచల సందుల్లోంచి తన కిరణసేనలను భోజనబల్ల మీదికి దింపి, కడిగి బోర్లించిన గిన్నెల వీపుల మీద కత్తులు నూరుతున్న వేళ. ఒక రెక్క వదులైన ఫ్యాను టకటకా రణభేరి మోగిస్తున్న వేళ. పై వాటాలో ఎవరో మంచం జరపగా ఆ ఘోష మేఘగర్జనమై కిందికి దిగివస్తున్న వేళ, ఒకానొక అపార్టుమెంటు మూడో అంతస్తులో, ఏ శాసనంలోనూ చెక్కని, చెక్కాలని ఎవరికీ తోచని మహాసంగ్రామం మొదలైంది. వివాదం రాజ్యం గురించి కాదు. వేసవిలో నలుగురూ కలిసి ఎక్కాల్సిన విహారనౌక ఏదన్నదే వివాదం.

ఈ సమరానికి నాయిక ఆ ఇంటి తల్లి. సామాన్యురాలు కాదు. పెద్ద బడిలో ఏటేటా టైమ్ టేబుల్ రచించే కాలచక్ర నియంత్రిణి. లెక్కల మాస్టారూ సైన్సు టీచరూ ఒకే గదిమీదికి ఒకే గంటలో దండెత్తకుండా కాపాడిన సంధివిగ్రహ ధురంధర. ఖాళీ పీరియడ్ కంటబడితే, దాన్ని ఎవరో ఒకరితో పూడ్చేదాకా మంచినీళ్లు ముట్టని రిక్తస్థాన విధ్వంసిని. లోకంలో ఎవరైనా ముందు ఓడను ఎంచుకుని, తర్వాత అందులో ఏం చెయ్యాలో ఆలోచిస్తారు. ఆ వీరమాత ముందు ఓడలో గడపాల్సిన ప్రతి గంటకూ టైమ్ టేబుల్ వేసి, ఆ పట్టికలో ఒదిగే ఓడ కోసం సప్తసముద్రాలూ గాలించింది. దొరికింది. శ్వేతవర్ణశోభిత, ఉద్యానవన విరాజిత, గ్రంథాలయ సమేత. పైగా భోజనశాలలో ప్రయాణం పూర్తయ్యేదాకా ఒక కుటుంబానికి ఒకే బల్ల.

ఆ బల్ల మీదే ఆమె ప్రాణం. పై నెలలో కూతురు ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోతుంది. కొడుకు ఆసుపత్రి డ్యూటీలకు పగలూ రాత్రీ తేడా లేదు. ఆ ఇంట్లో నాలుగు కంచాలు ఒక్కసారిగా బల్లకెక్కి ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. ఈ వేసవి చేజారితే ఇక నలుగురూ కలిసేది ఎవరి పెళ్లిలోనో. అక్కడ మాత్రం కూర్చోనిస్తారా? ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. టైమ్ టేబుల్‌కే చెప్పుకుంది.

ఎదుటి పక్షంలో ఇద్దరు మహారథులు. అడ్డుప్రశ్నల అక్షయ తూణీరం కూతురు. ఊరందరి మోకాళ్లూ వంచి బతుకుతూ తన పంతం మాత్రం వంగనివ్వని ఫిజియోథెరపిస్టు కొడుకు. వాళ్లు వరించిన నౌక వేరు. దాని నెత్తిన మహాసర్ప సన్నిభమైన జారుడుబల్ల. నడుమ ఎక్కడానికి ఒక కృత్రిమ పర్వతం. అడుగున తెల్లవార్లూ ఆగని నృత్యశాల. తిండి ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడ నిలబడితే అక్కడ.

నాలుగోవాడు తండ్రి. కళ్లద్దాల దుకాణాధిపతి, ఉభయపక్ష భీతుడు, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడుస్తూ యుద్ధభూమికి ఓరగా కూర్చున్న తటస్థ శిఖామణి.

తొలి అస్త్రం తల్లిది. ఆమె లేచి నిలబడి, ఓ వత్సలారా, నిశ్చల సాగర మధ్యంలో నిర్మల చిత్తంతో జ్ఞానార్జన చేయగల ఆ ధవళనౌకను కాదని, కోలాహల కూపమైన మరో నౌకను కోరుట మీకు తగునా అన్నంత గంభీరంగా చూసి, "అందులో లైబ్రరీ ఉందిరా" అంది.

"లైబ్రరీకి సముద్రం దాకా ఎందుకమ్మా" అన్నాడు కొడుకు.

బాణం గురి తప్పలేదు. అయినా ఆమె చలించక, జారుడుబల్ల మీద నడుములు విరగ్గొట్టుకున్నవారి గాథలు వర్ణించింది. విరిగిన నడుములు బాగుచేయడమే తన వృత్తి అని కొడుకు గుర్తుచేశాడు. నృత్యశాల హోరుకు చెవులు పోతాయంది. ఇంట్లో మిక్సీ కంటేనా అంది కూతురు. ఇలా అస్త్రానికి ప్రత్యస్త్రం, చూపుకు ఎదురుచూపు, నిట్టూర్పుకు అంతకంటే పెద్ద నిట్టూర్పు ప్రయోగిస్తూ ఆ ముగ్గురూ టీ కాచుకోవడం కూడా మరిచి పోరాడుతుండగా, తల్లి తన బ్రహ్మాస్త్రాన్ని బల్ల మీద పరిచింది. రంగురంగుల గళ్లు. ఎక్కడా చుక్కంత ఖాళీ లేదు.

పిల్లలిద్దరూ వంగి చదివారు.

"సూర్యోదయం, కంపల్సరీ" అని చదివాడు కొడుకు. "అక్కా, నీకు సాయంత్రం రెండు పీరియడ్లు వరసగా ఉన్నాయి చూడు. కుటుంబ సంభాషణ."

"సంభాషణకి పీరియడ్ ఏంటమ్మా? హాజరు కూడా వేస్తావా?" అంది కూతురు.

నిజానికి వేద్దామనే అనుకుంది. ఆ సంగతి ఆమె ముఖంలోనే దొరికిపోయింది.

కూతురు ఫోన్ చేతిలోకి తీసుకుంది. ఓడ ఎక్కాల్సిన వారమే స్నేహితురాళ్లంతా కొండల్లోకి వెళ్తున్నారని, వచ్చేదీ రానిదీ సాయంత్రంలోగా చెప్పమన్నారని, ఇక్కడ తేలకపోతే తను అటే పోతానని నెమ్మదిగానే చెప్పింది. అక్క రాకపోతే ముసలాళ్ల మధ్య తనకేం పని అన్నాడు కొడుకు. వ్యూహం విరిగింది. రథచక్రం భూమిలో దిగబడింది. ఎన్నో బడిగంటలను శాసించిన ఆ చేయి, టైమ్ టేబుల్ అంచును ఊరికే మడుస్తూ విప్పుతూ ఉండిపోయింది.

అప్పుడు లేచాడు తటస్థుడు.

భర్తగా అతనికి ధైర్యం తక్కువేమో గాని వృత్తిలో తిరుగులేదు. ఏ కన్ను ఏం చూస్తోందో పట్టేవాడు. కూతురి లాప్‌టాప్ తన వైపు తిప్పుకుని, ఓడ పేరు కనపడకుండా దుకాణం విజిటింగ్ కార్డు అడ్డం పెట్టి, దుకాణంలో మాట్లాడే గొంతుతో ఇక ఎవరూ వాదించొద్దన్నాడు. బొమ్మలు జతగా చూపిస్తాడు. ఒకటా రెండా, అంతే చెప్పాలి.

ముందు కొడుకు. రెండు బొమ్మలు చూశాడు. "రెండోది. దీనికీ దానికీ పోలికే లేదు."

"రెండూ ఒకటే ఓడరా. అదే బొమ్మ మళ్లీ చూపించా. కొట్లో కూడా ఇలాగే ఒకే అద్దం రెండుసార్లు పెడతాను. సగంమంది రెండోది బ్రహ్మాండం అంటారు."

కూతురు పకపకా నవ్వింది. తర్వాత తన వంతులో తనూ అలాగే బోల్తా పడింది. మహారథులిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తాము పోరాడింది ఓడ కోసం కాదని, అమ్మ ఎంచింది వద్దనడం కోసమని లోలోపల గ్రహించి, పైకి మాత్రం దగ్గారు.

ఇప్పుడు తల్లి వంతు. జత మీద జత. ఆమె ఠక్కున చెబుతోంది, ఒకటి, ఒకటి, రెండు. ధవళనౌక పోయింది. ఉద్యానవనం పోయింది. కృత్రిమ పర్వతం నెగ్గింది. చివరికి సాక్షాత్తు ఆ మహాసర్పమే నెగ్గింది.

"అమ్మా, ఇది మా ఓడే" అంది కూతురు నమ్మలేక.

"మీ అమ్మ ఓడల్ని చూడట్లేదు" అన్నాడు తండ్రి. "ఏ బొమ్మలో తిండి బల్ల ఉంటే దాన్నే అంటోంది. ఇందులో జారుడుబల్ల కింద చూడండి, మూలన, నాలుగు కుర్చీలు."

సకల కాలచక్ర నియంత్రిణి కొంగుతో బల్ల మీద లేని నీటిచుక్కను తుడిచింది.

"నాకు ఓడ ఏదైతేనేం" అంది. "రోజుకొక్క పూట నలుగురం కూర్చుని తింటే చాలు. మిగతా రోజంతా మీ ఇష్టం."

ఆ మాటకు ఏ అస్త్రశాలలోనూ విరుగుడు లేదు. కూతురు ఫోన్‌లో స్నేహితురాళ్లకు ఏదో రెండు ముక్కలు కొట్టి, ఫోన్ బోర్లించింది. ఆపైన సంధి. పొద్దున తాము లేవలేమన్నారు పిల్లలు. రాత్రి నృత్యశాల విడిచి రామన్నారు. మధ్యాహ్న భోజనం తేలింది. ఫోన్లు గదిలోనే ఉండాలంది తల్లి, సరేనన్నారు. ఆమె ఎర్రపెన్ను తీసి, తన సామ్రాజ్యంలోని గళ్లన్నీ తన చేత్తోనే, ఒక్కొక్కటీ పన్ను పీకినంత బాధతో కొట్టేసి, రోజుకొక్క గడి మిగిల్చింది.

"ఇంకొక్కటి. అందరి తిండీ అయ్యేదాకా ఎవరూ లేవకూడదు."

"అంతేనా? ఓకే" అన్నాడు కొడుకు. విజయగర్వంతో పిల్లలిద్దరూ జారుడుబల్ల ఎత్తు ఎంతో చూడ్డానికి లాప్‌టాప్ ఎత్తుకుపోయారు.

తండ్రి మాత్రం ఆ షరతు దగ్గరే ఆగిపోయాడు. పెళ్లయిన నాటి నుంచీ చూస్తున్నాడు. భోజనం చివర ఆమె ఒక కమలాపండు తింటుంది. తొక్క తెగకుండా ఒలుస్తుంది. ప్రతి తొనకూ తెల్లటి పీచు పోగు పోగుగా తీస్తుంది. గింజలు కంచం అంచున వరసగా పేరుస్తుంది. ఇంట్లో ఆ పండు అయ్యేదాకా ఆమెతో కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు. యౌవన మదాంధులైన ఆ మహారథులకు ఇది తట్టనే లేదు. చెబుదామా అనుకున్నాడు. ఆమె అతనికేసి చూసింది. అతను కళ్లద్దాలు తీసి మళ్లీ తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

లోకులారా వినండి. ఓడను ఓడిపోయి, సూర్యోదయాన్ని పోగొట్టుకుని, సంభాషణా పీరియడ్లను శత్రువుకు సమర్పించి, ఆ కాలచక్ర నియంత్రిణి ఆ ఆదివారం సాయంత్రానికి రోజుకొక మధ్యాహ్న భోజనాన్నీ, దానిమీద ఒక కమలాపండు తినేంత కాలాన్నీ జయించింది. జయించి, దిగ్విజయ ఢంకా మోగించినట్టు టీ గిన్నె స్టవ్ మీద పెట్టింది.