పెద్దల్లుడుగారి మోకాళ్ళు

"మానవజాతి మోకాళ్ళ భవిష్యత్తు సముద్రం అడుగున ఉంది" అని మా పరిశోధనశాల డైరెక్టరుగారు ప్రకటించారు. అంతకుముందు అది మొక్కల వేళ్ళలో ఉండేది. వేళ్ళు, బెరళ్ళు, ఆకులు వరసగా నూరి, వడగట్టి, ఎలుకలకు పట్టించాం. ఎలుకలు తాగాయి గానీ సహకరించలేదు. అందుకని భవిష్యత్తును సముద్రంలోకి బదిలీ చేశారు.

ఎర్రనాచు సారం వాపు మీద కాస్త పనిచేస్తున్నట్టు గాజు గిన్నెల్లో కనబడింది. ఇక మనుషుల మీద చూడాలి. సగంమందికి నాచు సారం, సగంమందికి అదే రంగు, అదే వాసన కలిపిన నీళ్ళు. ఎవరిది ఏ సీసా అన్నది తాగేవాళ్ళకీ తెలియదు, ఇచ్చే నాకూ తెలియదు.

మొదట్లో ఒక్కరూ రాలేదు. రిటైరైన జడ్జిగారొకరు చేరారని తెలిశాక మాత్రం పెద్దమనుషుల మోకాళ్ళన్నీ ఒక్కసారిగా పట్టేశాయి. మా తోడల్లుడుగారైతే చేతికర్రతో కుంటుతూ వచ్చారు. ఆయన బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైనవారు. పొద్దున్నే పార్కులో ఆయన నడకను నేను అందుకోలేను. నొప్పి ఏ కాలికని అడిగితే కాసేపు ఆలోచించి, జడ్జిగారికి ఏ కాలని ఎదురడిగారు.

"ఎడమది" అన్నాను.

"నాకు రెండూ రాసుకో తమ్ముడూ" అన్నారు.

నిజంగా నొప్పి ఉన్నది మా అత్తగారికి. గోడ పట్టుకోనిదే మంచం దిగలేరు. ఆమెనూ చేర్చాను.

గడువు ముగిసింది. జడ్జిగారు పరుగెత్తగలనన్నారు. మా తోడల్లుడుగారు కర్ర పారేశారు. అత్తగారు మాత్రం ఏమీ తగ్గలేదనీ, పైగా కడుపులో గడబిడగా ఉంటోందనీ చెప్పారు.

తీరా ఎవరు ఏది తాగారో విప్పి చూస్తే, తగ్గిందన్నవాళ్ళలో ఎక్కువమంది తాగింది నీళ్ళు. అత్తగారు తాగింది అసలు సారం. డైరెక్టరుగారు సీసాల మీద చీటీలు తారుమారయ్యాయని తేల్చారు. నేను నసిగాను.

"అయితే జడ్జిగారు అబద్ధమాడారంటావా?" అన్నారు.

నాది కాంట్రాక్టు ఉద్యోగం. చీటీలే అబద్ధమాడాయని ఒప్పుకున్నాను.

ఫలితాలు ప్రకటించే సభ జరిగింది. మా తోడల్లుడుగారు వేదికెక్కి, ఏళ్ళ తరబడి తాను పడిన బాధను వర్ణించారు. ఆ ఏళ్ళన్నీ ఆయనతో కాపురం చేసిన మా వదినగారు అంతసేపూ పైకప్పు వంకే చూస్తూ కూర్చున్నారు.

ఇంట్లో అత్తగారు నన్ను పిలిచి, తనకు ఉత్త నీళ్ళు పోశారట, నిజమేనా అని అడిగారు. మా ఆవిడ నా వంక చూసింది. నేను చెప్పులు తొడుక్కుని కూరగాయలకు బయల్దేరాను.

ఆ వారమే తోడల్లుడుగారు సంచీ నిండా సీసాలు తెచ్చి, తన వంతు అత్తయ్యగారికే అర్పిస్తున్నానన్నారు. చాలా సీసాలకు మూత కూడా తీయలేదు. అవన్నీ రంగునీళ్ళని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. అత్తగారు పూటకింత చొప్పున భక్తిగా తాగారు.

కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ వచ్చి, అందరి ముందూ ఎలా ఉందని అడిగారు. అత్తగారు అల్లుడి మొహం చూశారు, పక్కనే నిలబడ్డ పెద్దకూతురి మొహం చూశారు.

"తగ్గింది బాబూ. బాగా తగ్గింది."

డైరెక్టరుగారి దగ్గర కూడా మొహమాటపడని మనిషి ఆమె. నేను నివ్వెరపోయాను. తోడల్లుడుగారు నాకంటే ఎక్కువ నివ్వెరపోయారు. కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించారు.

"నిజంగానా అత్తయ్యగారూ?"

"నిజంగానే."

ఆయన మొహంలో అంత శ్రద్ధ నేనెన్నడూ చూడలేదు. ఈమధ్య మెట్లెక్కుతుంటే కుడి మోకాలు కలుక్కుమంటోందనీ, నయమైపోయిందని సభలో చెప్పినవాణ్ణి ఇప్పుడు ఎవరికి చెప్పుకోననీ గొణిగారు. మిగిలిన సీసాలన్నీ జాగ్రత్తగా సంచీలో సర్దుకుని వెళ్ళిపోయారు.

గేటు పడిన చప్పుడయ్యాక అత్తగారు గోడ పట్టుకుని లేచారు.

"బాబూ, రేపు నన్ను ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. పెద్దల్లుడుగారికి మాత్రం చెప్పకండి. మోకాలు నొస్తున్న మనిషి, మనసు కూడా నొచ్చుకుంటే తట్టుకోలేరు."